గీత లేని సంతకం

నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. రిటైరయ్యాను. మోకాళ్ళ నొప్పులు ఇంకా మొదలు కాలేదు, పేరు ముందు మాత్రం 'మాజీ' చేరింది. ముప్ఫై ఒకటో ఏట రాజ్యసభకు వెళ్ళాను. దాన్ని పెద్దల సభ అంటారు. మొదటి రోజు గేటు దగ్గర భద్రతా సిబ్బంది నన్ను ఆపి, "మీ సార్ ఎక్కడ?" అని అడిగారు. ఆరేళ్ళ తర్వాత దిగిపోయిన రోజు అదే మనిషి సెల్యూట్ కొట్టాడు. ఈ రెంటికీ మధ్య నేను సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ సెల్యూటే చూపిస్తాను.

ఈమధ్య సూరత్‌లో మా ఆల్థాన్ పేట యువకులు ముగ్గురు వచ్చి, రాజకీయాల్లోకి దిగుతున్నామని, ఎలా పైకొచ్చానో రాసిపెట్టమని అడిగారు. పైకెలా వచ్చానో రాస్తే అర పేజీ చాలు. నాలుగు భాషల్లో నవ్వించగలను. పార్టీకి ఆ సంవత్సరం మగ్గం పనివాళ్ళ కడుపున పుట్టినవాడు ఒకడు కావలసి వచ్చాడు. ఇంతే. కమిటీలు, పదవులు, విదేశీ పర్యటనల ఫోటోలు ఎక్కడ కావాలంటే అక్కడ దొరుకుతాయి. వాటిని వదిలేస్తున్నాను.

నేను రాస్తున్నది ఒక సంతకం కింద గీయని గీత గురించి. రెండంగుళాల గీత. అది గీసి ఉంటే ఒకామెకు గుండె ఆపరేషన్ తేదీ ముందుకు జరిగేది. ఆమె నన్ను కన్నతల్లి. గీయనప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం నా తప్పు కాదని చాలామంది ఓదార్చారు. తెలియకపోవడమే నా తప్పు. అదెలాగో చెప్పడానికే ఇదంతా.

నేను ఎవరివాణ్ణి

నన్ను కన్న తండ్రి తెలంగాణ నుంచి సూరత్ సాంచాల మీద పనికి వచ్చాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. నాకు మూడేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. తల్లి పగలు బాబిన్లకు దారం చుట్టేది, పొద్దున్నే రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమేది. అలా తోమే ఇళ్ళలో ఒకటి గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన గూడ్సు క్లర్కుది. ఆయనకూ భార్యకూ పిల్లలు లేరు. చంకలో వచ్చిన పిల్లాడు ఆ వంటింట్లో ఉప్మా తినడం మరిగాడు. నాలుగో ఏట ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

అందరూ ఊహించుకునేంత నాటకమేమీ జరగలేదు. ఎవరూ గుండెలు బాదుకోలేదు. నాన్న గూడ్సు క్లర్కు కాబట్టి, రసీదు లేకుండా ఏదీ తీసుకోడు కాబట్టి, కోర్టు దగ్గరికి వెళ్ళి దత్తపత్రం రిజిస్టరు చేయించాడు. కన్నతల్లి వేలిముద్ర వేసింది. నన్ను పెంచిన అమ్మ ఒక్క మాట అడిగింది: మళ్ళీ రాకూడదు. ఆమె సరేనంది. క్వార్టర్లలో పని మానేసి, ఊరికి ఉత్తరాన కిమ్‌లో ఏదో సాంచాల ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, చేరిందని విన్నారట. ఆ తర్వాత వినలేదు.

ఇదంతా నాకు ఏడో ఏటే చెప్పారు. దాచింది ఏమీ లేదు. ఒక్క ఆమె పేరు మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ పలకలేదు. 'ఆవిడ' అనేవాళ్ళు. నేనూ అడగలేదు. దత్తపత్రం బీరువాలో ఉండేది. నామినేషన్ కాగితాలతో జతచేయడానికి దాన్ని ఒకసారి బయటికి తీశాను. నా పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుని జెరాక్సు తీయించాను. పై వరుసలో ఇంకో పేరు ఉంది. అక్కడిదాకా నా చూపు వెళ్ళలేదు.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఎవరికీ నవ్వించే అలవాటు లేదు. నాన్న నవ్వితే వ్యాగన్ పట్టాలు తప్పుతుందన్నంత భయంగా ఉండేవాడు. అమ్మ జోకు విన్నాక, "అయితే ఏమైంది చివరికి?" అని అడుగుతుంది. నాకీ నోటి దురుసు ఎక్కడిదని ఇద్దరూ ఆశ్చర్యపోయేవారు.

మంచి ఉపన్యాసం

ఆ నోటివల్లే పార్టీకి పనికొచ్చాను. స్థానిక టీవీ చర్చల్లో అవతలివాడు అరుస్తుంటే నేను గుజరాతీలో చిన్న మాట అని నవ్వించేవాణ్ణి. రింగ్ రోడ్ బట్టల వ్యాపారులకు నచ్చాను. తెలుగు పనివాళ్ళ బస్తీల్లో మాట్లాడమంటే మాట్లాడాను, హిందీ పత్రికలవాళ్ళకు కావలసిన ముక్క ఇచ్చాను. ఒకరోజు నగర అధ్యక్షుడు పిలిచి, "నువ్వు సాంచావాళ్ళ పిల్లాడివట కదా?" అన్నాడు. "పెంచింది రైల్వేవాళ్ళు" అన్నాను. "ఆ ముక్క ఎక్కువ చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఢిల్లీలో నా మొదటి ఉపన్యాసం ఇలా మొదలవుతుంది: "నన్ను కన్నతల్లి సూరత్‌లో సాంచాల మధ్య కూర్చుని బాబిన్లు చుట్టింది. ఆ దారం కొస ఈ రోజు ఈ సభదాకా వచ్చింది." రెండు వైపులవాళ్ళూ బల్లలు చరిచారు. వెనక వరుసలో ఒక ముసలి సభ్యుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఏసీ చలికి రోజూ తుడుచుకుంటాడని తర్వాత తెలిసింది.

బయట ఒక విలేఖరి అడిగింది: "మీ తల్లిగారు ఇప్పుడెక్కడ ఉన్నారు?"

"ఎక్కడున్నా టీవీ చూస్తూ, వీడు ఇంకా సన్నగానే ఉన్నాడేంటి అనుకుంటుంటుంది" అన్నాను. అందరూ నవ్వారు. ప్రశ్న అక్కడితో పోయింది. నా వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద విద్య అదే: నవ్వు వచ్చాక ప్రశ్న గుర్తుండదు. అడిగినవాళ్ళకే కాదు, జవాబు చెప్పినవాడికీ గుర్తుండదు.

ఆ దారం కొస మాట ఆరేళ్ళలో ఎన్నిసార్లు వాడానో చెప్పలేను. ఆమెను వెతకడానికి ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పగలను. ఒక్కసారీ వెళ్ళలేదు. కిమ్ మా ఇంటినుంచి కార్లో గంట కూడా పట్టదు.

జయంతీకాకా పాఠాలు

ఈ పనిలో నా అసలు గురువు జయంతీకాకా. నా కార్యదర్శి. నాకంటే ముందు నలుగురు నాయకుల దగ్గర పనిచేశాడు. నలుగురూ మాజీలయ్యారు, ఆయన కాలేదు. ఇప్పుడు ఐదో మాజీని నేను; ఆయన ఆరో మనిషి దగ్గర ఉన్నాడు.

ఆయన మొదటి పాఠం బేస్ణు. సూరత్‌లో మనిషి పోతే బంధుమిత్రులు తెల్లబట్టల్లో కూర్చునే సంతాప కార్యక్రమం అది. పత్రికలో ఫోటో వేసి, ఫలానా చోట, ఫలానా గంటకు అని ప్రకటిస్తారు. నాయకుడు పెళ్ళికి పోకపోయినా మరిచిపోతారు, బేస్ణుకు పోకపోతే మరిచిపోరు. కారులో ఎప్పుడూ ఒక ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా ఉండాలి.

"ఏడు నిమిషాలు కూర్చోవాలి బేటా" అనేవాడు. "ఐదైతే తొందరపడ్డాడంటారు. పదైతే పనిలేనివాడంటారు."

"చనిపోయినవాళ్ళ పేరు?"

"ఫోటో కింద రాసి ఉంటుంది. దణ్ణం పెట్టేటప్పుడు చదువుకో."

రెండో పాఠం ఉత్తరాలు. జనం అనుకునేట్టు మా పని చట్టాలు చేయడం కాదు. ఉత్తరాలు రాయడం. రైలు బెర్తుకు, బడిలో సీటుకు, ఆసుపత్రి తేదీకి, బదిలీకి. ఆదివారం పొద్దున మా ఇంటి ముందుగదిలో యాభై, అరవై మంది కూర్చునేవాళ్ళు. అందరికీ ఉత్తరం ఇవ్వాలి. అందరి పనీ కాదు. అందుకని కాకా ఒక పద్ధతి పెట్టాడు. ఆయన కనిపెట్టింది కాదు, పాత నాయకుల నుంచి వచ్చిందే. సంతకం కింద గీత ఉంటే, నిజంగా పని చేయండి అని అర్థం. గీత లేకపోతే, వచ్చినవాళ్ళను మర్యాదగా పంపించండి అని. ఏ ఆఫీసులకు తెలియాలో ఆ ఆఫీసులకు నోటిమాటగా తెలుసు. ఒక్కో ఆఫీసుకు నెలకు రెండు మూడు గీతలు. అంతకు మించితే గీతకు విలువ ఉండదు.

"మరి గీత లేనివాళ్ళను మోసం చేసినట్టు కాదా కాకా?" అని మొదటివారం అడిగాను.

"చేతిలో ఏముంది? ఉత్తరం. ఆ ఉత్తరం పైన ఏముంది? నీ గుర్తు. నవ్వుతూ ఇంటికి పోతున్నారు. మోసపోయినవాడు నవ్వుతాడా?"

సమాధానానికి బదులు నాకు ఒక జోకు తట్టింది. అది చెప్పాను. ఇద్దరం నవ్వాం. అప్పటినుంచి గీత ఎవరికి పెట్టాలో కాకా సైగ చేసేవాడు. ఆయన పెన్ను మూత తీసి ఉంచితే గీత. మూసి ఉంచితే లేదు. రెండు నెలల్లో అది నాకు ఊపిరంత అలవాటైంది.

నా నిష్పాక్షికమైన అభిప్రాయం: కాకా చెడ్డవాడు కాడు. కూర్చున్నవాళ్ళందరికీ టీ అందిందో లేదో చూసేవాడు. ముసలివాళ్ళకు కుర్చీ తనే తెచ్చేవాడు. ఈ వృత్తిలో మీకు నేర్పేవాళ్ళలో చాలామంది ఇలాగే ఉంటారు. అందుకే ప్రమాదం. దుర్మార్గుడు నేర్పితే మనం జాగ్రత్తగా నేర్చుకుంటాం.

ఒక ఆదివారం

నాలుగో ఏడు. వానాకాలం. ముందుగది నిండా తడి గొడుగులు. నా ముందు కుర్చీలోకి ఒకామె వచ్చి కూర్చుంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. సన్నగా ఉంది, నడిచొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"నమస్తే సారూ."

"నమస్తే అమ్మా. తెలంగాణా?"

"ఔ సారు. గిప్పుడు కిమ్‌ల ఉంటున్న. బాబిన్లు చుడ్త."

"చెప్పమ్మా."

"గుండెల వాల్వు ఖరాబైందట. ఆపరేషన్ జెయ్యాలె అన్నరు. గని తారీఖు మస్తు దూరం ఇచ్చిండ్రు. జర జల్ది జేయుమని మీరొక చిట్టీ రాస్తె..."

కాగితం ముందుకు లాక్కున్నాను. "పేరు?"

ఆమె కొంచెం ఆగింది. ఆగిందని ఇప్పుడు గుర్తుంది. అప్పుడు, పేరు కూడా మరిచిపోయిందా అనుకున్నాను.

"రాజవ్వ."

ఇంటిపేరు అడిగాను, చెప్పింది. రాసుకున్నాను. అది నాకు నాలుగేళ్ళు వచ్చేదాకా ఉన్న ఇంటిపేరు.

"ఎవరూ లేరా అమ్మా నీకు? కొడుకులు గానీ..."

"ఉన్నడు సారు. ఒక్క కొడుకు. మంచి నౌకరీ."

"మరి రాలేదేం తోడు?"

"ఆనికి పనులెక్కువ."

"మంచి ఉద్యోగం ఉన్న కొడుకులందరూ ఇంతే. ఈసారి కనబడితే చెవి పిండు."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. "పిండుత సారు. శెవులు గూడ మంచిగనే పెరిగినయి" అంది. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నా జోకుకంటే ఆమె జోకుకే ఎక్కువ నవ్వారని నాకు చిన్న కినుక కూడా కలిగింది.

అప్పుడే అమ్మ లోపలినుంచి టీ తెచ్చింది. ముందుగదిలో అందరికీ కాగితం కప్పుల్లో పోస్తాం. అమ్మ ఈమెకు మాత్రం వంటింటి స్టీలు గ్లాసులో తెచ్చి, చేతికి ఇచ్చి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది.

"ఏంటమ్మా, ఓటర్లకు స్టీలు గ్లాసులు మొదలుపెట్టావా? నన్ను ఎన్నుకున్నది వీళ్ళు కాదు, ఎమ్మెల్యేలు" అన్నాను. మళ్ళీ నవ్వులు.

కాకా వైపు చూశాను. పెన్ను మూత మూసి ఉంది. ఆ నెల ఆ ఆసుపత్రికి ఇవ్వగలిగిన గీతలు అయిపోయాయి. ఒకటి రింగ్ రోడ్ మార్కెట్ సంఘం నాయకుడి బావమరిదికి, హెర్నియా ఆపరేషన్. ఇంకొకటి ఒక కార్పొరేటర్ మేనమామకు, కంటి పొర. ఉత్తరం టైపు చేయించి సంతకం పెట్టాను. పెన్ను ఎత్తేశాను.

ఆమె కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. సంతకాన్ని తడిమి, "నీ దస్తకత్ గిదేనా సారు?" అంది.

"ఇదే."

"మంచిగున్నది."

లేవబోతూ, "దారం లేసింది సారు" అంటూ నా కుర్తా చేతి అంచు పట్టుకుంది. నిజంగానే ఒక పోగు బయటికి వచ్చి ఉంది. దాన్ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి, చటుక్కున తెంపింది. బాబిన్లు చుట్టేవాళ్ళు కత్తెర వాడరు, అలాగే తెంపుతారు. ఆ పోగు వేలికి అలాగే ఉంది. అలాగే వెళ్ళిపోయింది.

"మగ్గాల ఎంపీని కదా, పోగులు ఊడుతూనే ఉంటాయి" అన్నాను తర్వాతి మనిషితో.

అంతే. మొత్తం ఏడు నిమిషాలు పట్టి ఉంటుంది.

నర్సవ్వ తెచ్చిన కాగితం

పదవి పోయాక ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఎవరూ చెప్పరు. ముందుగదిలో కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చేశాం. మొదటి నెలలో నా కోసం వచ్చింది ఇద్దరు. ఒకరు పాత విజిటింగ్ కార్డులు అమ్ముతారేమోనని అడిగిన తుక్కువాడు. రెండోది నర్సవ్వ.

యాభై ఏళ్ళ మనిషి. కిమ్ నుంచి వచ్చానని, సాంచాల కాడ రాజవ్వ పక్కన కూర్చుని బాబిన్లు చుట్టేదాన్నని చెప్పింది. నాకు రాజవ్వ ఎవరో గుర్తురాలేదు. ఆమె ప్లాస్టిక్ కవరు విప్పి ఉత్తరం బల్లమీద పెట్టింది. నా లెటర్‌హెడ్. నా సంతకం. కింద ఖాళీ.

"గిది నీకు ఇయ్యుమన్నది. కుర్సీల ఉన్నన్ని దినాలు పోవద్దన్నది. దిగినంకనే పోవాలె అన్నది."

"ఎందుకు?"

"గప్పుడైతె ఆనికి పని ఉండది, తీరువాటంగ సదువుకుంటడు అన్నది."

నవ్వు వచ్చింది. నిజంగా బాగుంది ఆ మాట. నవ్వాక అడిగాను, "ఆవిడ ఎలా ఉన్నారు?" అని.

"పోయింది సారు. నీ కాడికి వచ్చినంక ఐదు నెలలకు." నర్సవ్వ నన్ను చూసి, గుమ్మంలో నిలబడ్డ అమ్మను చూసింది. "నీకెరుక లేదా? ఈ అమ్మ జెప్పలేదా? నిన్ను గన్నది రాజవ్వనే."

అమ్మ గుమ్మంలోనే కూర్చుంది. బీరువా తాళం తీయవలసిన అవసరం లేకుండానే ఆ పై వరుసలోని పేరు ఏమిటో నాకు తెలిసిపోయింది.

మిగతాది నర్సవ్వ చెప్పింది. ఇద్దరూ ఆసుపత్రిలో ఉత్తరం జెరాక్సు ఇచ్చి, అసలుది తమ దగ్గరే ఉంచుకున్నారట. కిటికీ దగ్గరి గుమాస్తా మంచివాడు. కాగితం చూసి గొంతు తగ్గించి చెప్పాడట: "మౌసీ, సంతకం కింద గీత లేదు. ఇది నడవదు. మళ్ళీ వెళ్ళి గీత పెట్టించుకుని రా."

"బయటికొచ్చి నేను జెప్పిన సారు. గీతనే గదనే, నా సంచిల పెన్నున్నది, గీస్త. ఎవనికి ఎరుకైతది?"

అవును. ఎవరికీ తెలిసేది కాదు. ఆరేళ్ళు మేము నడిపిన ఆ రహస్యాన్ని ఒక ఐదు రూపాయల పెన్ను పడగొట్టేది. పేదవాళ్ళకు తెలియకపోవడం ఒక్కటే దానికి తాళం.

"మరి?"

"వద్దన్నది. గది ఆని దస్తకత్. ఆని శెయ్యి గీయంది నేను గీస్తె, రేపు దొరికితె ఆని పేరు ఖరాబైతది అన్నది. అయితె మల్ల పోదాం పా అన్న. రాలె. నాకంటె ఎక్కువ తిప్పలున్నోళ్ళు ఎవలో ఉండొచ్చు నర్సవ్వా, గీత ఆళ్ళకు పెట్టిండొచ్చు, ఉన్నయే కొన్ని గీతలు అన్నది."

ఆ నెల గీతలు ఎవరికి వెళ్ళాయో నేను నర్సవ్వకు చెప్పలేదు. మీకు చెప్పాను.

"ఫోన్ల నీ మాటలు పెట్టుకుని ఇనేది" అంది నర్సవ్వ. "ఆ దారం ముచ్చట వస్తె మస్తు నవ్వేది. దారం కొస ఢిల్లీదాంక పోయిందంటడు, బాబిన్ ఎవల కాడున్నదో అడుగడు అని."

ఆ రోజు నాకు తెలిసింది, ఈ నోరు ఎక్కడిదో. ముప్ఫై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టని సంగతి. ఆ ఆదివారం ఆమె నాకంటే బాగా నవ్వించినప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

అప్పుడు అమ్మ మాట్లాడింది. "ఆ రోజే గుర్తుపట్టాన్రా. గ్లాసు ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుని, వద్దు అన్నట్టు తల ఊపింది. రావద్దన్నది నేనే కదా. ఇప్పుడు నువ్వెవరో చెప్పు అని ఏ నోటితో అడగను?"

"టీ ఇచ్చావు కదా" అన్నాను.

"చక్కెర ఎక్కువేశాను. అదొక్కటే చెయ్యగలిగాను."

నేను నా పాత డైరీ తీశాను. పోయిన తేదీ నర్సవ్వకు గుర్తుంది. ఆ రోజు నా కార్యక్రమాలు కాకా చక్కని చేతిరాతలో ఉన్నాయి: పొద్దున ఒక చీరల దుకాణం ప్రారంభం. మధ్యాహ్నం రెండు బేస్ణులు. ఒకటి ఒక నూలు వ్యాపారి తల్లిది. తెల్ల కుర్తా వేసుకుని, ముఖం తెలియని ఒక తల్లి ఫోటో ముందు ఏడు నిమిషాలు కూర్చున్నాను. నా తల్లికి కిమ్‌లో సాంచాలవాళ్ళు తలో చెయ్యి వేసి దహనం చేశారు. పత్రికలో ఫోటో వేయలేదు కాబట్టి కాకాకు తెలియలేదు. కాకాకు తెలియనిది నాకు తెలియదు.

తర్వాత కాకాకు ఫోన్ చేసి చెప్పాను. "గీత పెట్టినా రెండు నెలలే ముందుకు వచ్చేది బేటా. ఆపరేషన్ తర్వాత ఏమయ్యేదో ఎవరికి తెలుసు?" అన్నాడు. కాకా లెక్క సరైనదే అయి ఉండొచ్చు. ఆయన లెక్కలన్నీ సరైనవే. అందుకే ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

నీతులు చెప్పడం నాకు రాదు. చెప్పినా మధ్యలో నవ్వొస్తుంది. రెండు మాటలు రాసి వదిలేస్తాను.

మీకు గుర్తింపు తెచ్చే కష్టం ఒకటి మీ ఇంట్లో ఉంటుంది. లేకపోతే పార్టీ వెతికి పెడుతుంది. దాన్ని మైకు ముందు వాడుకునే ముందు, ఆ కష్టం పడిన మనిషి పేరు తెలుసుకోండి. బతికి ఉందేమో వెళ్ళి చూడండి. ఉపన్యాసం కొంచెం తగ్గుతుంది, పర్వాలేదు. నా ఉపన్యాసాలన్నీ బాగానే ఉండేవి.

రెండోది, పేరు చెప్పేముందు ఎవరైనా ఆగితే మీరూ ఆగండి. నేను ఆ ఆదివారం అర నిమిషం నోరు మూసుకుని ఉంటే, ఆమె ఏమైనా చెప్పి ఉండేదేమో. చెప్పకపోయేదేమో కూడా. ఆ అర నిమిషంలో నేను ఇంటిపేరు అడిగి, జోకు వేశాను.

గీతల పద్ధతి మానేయమని మీకు చెప్పను. చెబితే తలలూపి, మొదటివారమే పెన్ను మూతల వైపు చూస్తారు. నేనూ చూశాను. చెయ్యగలిగితే, చెయ్యలేని పనిని చెయ్యలేనని మొహం మీద చెప్పండి. తిట్టుకుంటూ పోతారు. ఇంకో గుమ్మం ఎక్కుతారు. ఇంకో గుమ్మం ఎక్కడానికి వాళ్ళకు సమయం మిగులుతుంది. నా ఉత్తరం ఆమె దగ్గరున్న సమయాన్నే తినేసింది.

నర్సవ్వ ఆ రోజు అన్నం తిని బయల్దేరింది. అమ్మ ఆమెకూ స్టీలు గ్లాసులోనే మంచినీళ్ళు ఇచ్చింది. గుమ్మం దాకా వెళ్ళినామె వెనక్కి తిరిగి, బల్లమీది కాగితం వైపు చూపించింది.

"గిప్పుడన్న గీస్తవా సారు?"

దేనికి, అని అడగబోయాను. ఆ లెటర్‌హెడ్ చెల్లదు. ఆ పదవి చెల్లదు. ఆ పేరుగల మనిషి ఏ ఆసుపత్రి వరుసలోనూ లేదు. ఇవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి, కాస్త హాస్యంగా కూడా వచ్చాయి. మింగేసి, కూర్చుని, పెన్ను తీశాను. సంతకం కింద గీశాను. ఎన్నో వందలసార్లు చూడకుండా గీసిన గీత. ఈసారి చూస్తూ, మెల్లగా గీశాను.

నర్సవ్వ దగ్గరికి వచ్చి, వంగి, కాగితాన్ని కాసేపు చూసింది.

"వంకర వోయింది" అంది. "నేను గీస్తెనే సక్కగుంటుండె."